బల్ల కింద చోటు

"విప్పకు! నీకే చెప్తున్నా, ఆ తాడు విప్పకు!"

అత్తగారి కేక పెరట్లోని రంగు తొట్లు దాటి వీధి దాకా వినబడింది. కోడలు అప్పటికే ముడి సగం విప్పేసింది. మంచం పట్టెకి కట్టిన కూతురు పిచ్చుక మణికట్టు కమిలిపోయి, బట్టలు ఆరేసే తాడు ముద్ర ఎర్రగా పడివుంది. పదేళ్ళ పిల్ల చెయ్యి అది. ఏ తల్లి చూస్తూ ఊరుకుంటుంది?

"చెయ్యి నల్లబడిపోతోంది అత్తయ్యా. కాస్త వదులు చేస్తాను, అంతే."

"నిన్న కూడా కాస్తే వదులు చేశావు. ఏమైంది? తిన్నగా పోయి తొట్లో దూకింది. నేను జుట్టు పట్టుకుని లాగకపోతే ఈపాటికి పిల్ల మనకి దక్కేదా?"

అందులో అబద్ధం లేదు. కోడలు మళ్ళీ తాడు అందుకుంది. ముడి మళ్ళీ వేస్తుంటే పిచ్చుక కళ్ళు తల్లి వైపు తిరిగాయి. తిరిగాయి, అంతే. చూసింది అనడానికి లేదు. రోజంతా కిచకిచలాడుతూ ఇల్లు పీకి పందిరేసే పిల్ల కాబట్టి పిచ్చుక అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడా గొంతులోంచి వస్తున్న నవ్వు పిచ్చుకది కాదు. ఎవరో మొరటు మనిషి పిల్ల లోపల తిష్ట వేసుకుని, బయట వీళ్ళు పడే పాట్లు చూసి సరదా పడుతున్నట్టుంది. వైద్యులు చూశారు, మంత్రగాళ్ళు చూశారు. చూసి, ఇచ్చింది పుచ్చుకుని, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు.

కోడలు చీర చెంగుతో పిల్ల పెదవుల మీది నురగ తుడిచింది. తుడిచిన చెయ్యిని పిల్ల కసుక్కున కొరికింది.

"చాలా, తృప్తిగా ఉందా?" అంది అత్తగారు. మనవరాలంటే ఆవిడకి ప్రాణం. ఆ ప్రాణమే ఆవిడ చేత తాడు కట్టిస్తోంది.

కోడలు చెయ్యి దులుపుకుని లేచింది.

"నేను పై వీధికి వెళ్ళొస్తాను."

"బట్టలేం సిద్ధంగా లేవుగా, పై వీధికెందుకు?"

"బట్టలకి కాదు. పొద్దున ఉన్ని బేరగాడు చెప్పాడు. ఆయన వచ్చాడట. ఎవరికీ తెలీకుండా పై వీధిలో ఎవరింట్లోనో దిగాడట."

"ఏ ఆయన?"

"కొండ అవతలి బోధకుడు."

అత్తగారు కర్ర అందుకుని తొట్టిలో నీలిరంగు కలపడం మొదలుపెట్టింది. ఆవిడకి కోపం ఎక్కువైతే మాట రాదు, చెయ్యి ఆడుతుంది. తొట్టి అంచు మీంచి నురుగు పొంగి కాళ్ళ మీద పడ్డా ఆగలేదు.

గుమ్మంలో నిలబడ్డ కొడుకు ఒకసారి తల్లిని, ఒకసారి పెళ్ళాన్ని చూశాడు. మోచేతుల దాకా నీలి చేతులు, నోట్లో నాలుక లేని మనిషి. ఈ ఇంట్లో మగవాడు ఉన్నాడా అని అడిగితే ఉన్నాడు, తొట్ల దగ్గర ఉన్నాడు అని చెప్పుకోవాలి.

"పై వీధి వాళ్ళు మనల్ని ఎట్లా చూస్తారో నీకు చెప్పాలా?" అంది అత్తగారు చివరికి. "మలుపు దగ్గర నిలబడి 'రంగొస్తోంది' అని కేకేస్తే గానీ ఆ వీధిలో అడుగు పెట్టనివ్వరు. కేకేస్తే తలుపులు మూసుకుంటారు. మన కంపు వాళ్ళ ఇళ్ళలోకి పోకూడదు, మన నీడ వాళ్ళ గుమ్మం మీద పడకూడదు. మనం అద్దిన బట్ట మాత్రం ఒంటిమీదకి కావాలి. అరుగు మీద పెట్టి, వెనక్కి జరిగి, తలొంచుకు నిలబడాలి. అరవయ్యేళ్ళొచ్చాయి నాకు. ఇప్పటిదాకా ఒక్క గుమ్మం లోపల ఏముందో చూళ్ళేదు. ఆయన వాళ్ళవాడు. వాళ్ళ కోసం వచ్చినవాడు. మనకెందుకు చేస్తాడు?"

"చెయ్యనంటే అప్పుడు చూసుకుందాం."

"చెయ్యనంటాడు. ఊరికే అనడు, నాలుగు మాటలు కలిపి మరీ అంటాడు. పడతావా?"

"పడతాను."

"నేను పడను! ఈ ఇంటి కోడలు పోయి ఆ గుమ్మాల ముందు మాటలు పడడానికి వీల్లేదు. నేను బతికుండగా వీల్లేదు!"

"మీ మర్యాద నేను తీయను అత్తయ్యా. మీ పేరు చెప్పను, ఈ ఇంటి పేరు చెప్పను. నా బిడ్డకి బాగోలేదని చెప్తాను. ఆయన కొండ అవతల ఎంతమందిని బాగుచేశాడో బేరగాడు కళ్ళారా చూశాడు. కుష్ఠు ఉన్నవాణ్ణి కూడా ముట్టుకున్నాడట. ముట్టుకున్నాడు, అత్తయ్యా! అట్లాంటి మనిషి దగ్గర మన కంపు ఒక లెక్కా?"

అత్తగారి చేతిలో కర్ర ఆగింది. పెరట్లో తొట్టి బుడబుడలాడే చప్పుడు, గదిలో పిల్ల పళ్ళు కొరికే చప్పుడు.

"అమ్మా," అన్నాడు కొడుకు. "వెళ్ళనీ."

తొట్టి మాట్లాడినా అత్తగారు అంత విస్తుపోయేది కాదు. కొడుకు వంక కన్నార్పకుండా చూసింది. అతను తల దించుకున్నాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

"వెళ్తే ఒక్కతే వెళ్తుంది," అంది ఆవిడ కర్ర పక్కన పడేసి. "పిల్లని పట్టుకోడానికి మనిద్దరం కావాలి." గదిలోకి వచ్చి మనవరాలి తల ఒళ్ళోకి తీసుకుంది. కోడలి వంక చూడకుండానే, "ఇంకా నిలబడ్డావేం? పో!" అని కసిరింది.

అది దీవెనో తిట్టో తేల్చుకునే తీరిక కోడలికి లేదు.

ఆమె పరుగెత్తింది. కుండలు ఆరబెట్టిన సందులోంచి, ఇత్తడి సామాను దడదడలాడే వీధిలోంచి, రాతి మెట్ల మీదుగా పైకి పరుగెత్తింది. ఎవరో "పిల్లకెట్లా ఉంది?" అని అడుగుతూనే ఉన్నారు. ఏమని చెబుతుంది? దారి పొడుగునా లోపల మాటలు కూర్చుకుంది. అయ్యా అనాలా, స్వామీ అనాలా? ముందు దణ్ణం పెట్టాలా, ముందు ఏడవాలా? అసలు ఏ ఇల్లని వెతకాలి? బేరగాడికే తెలియదు. పై వీధిలో అన్ని తలుపులూ ఒక్క తీరుగానే ఉంటాయి. అద్దకంవాళ్ళ ఆడది తలుపు తట్టితే తీసేదెవరు?

మలుపు వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ మలుపులో చేసే పని ఒకటే. ఆమె ఆలోచించలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"రంగొస్తోందీ!"

అంతే. ధడేల్, ధడేల్ అని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తలుపులు మూసుకున్నాయి. గడియలు పడ్డాయి. కిటికీ రెక్కలు కూడా దగ్గరకి లాక్కున్నారు.

కోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది. అయిపోయింది! తన నోటితో తనే తన బిడ్డ దారి మూసేసుకుంది. ఇంత దూరం పరుగెత్తుకొచ్చి చేసిన ఘనకార్యం ఇదా! ఏడుపు తన్నుకొచ్చింది. ఖాళీ వీధి మధ్య నీలి చేతులతో నిలబడి, మూసిన తలుపుల్ని ఒక్కొక్కటే చూసింది.

ఒక్క తలుపు మూసుకోలేదు.

వీధి మధ్యలో, కుడి వైపు. బార్లా తెరిచి ఉంది. ఆ గుమ్మంలోంచి గడ్డం ఉన్న భారీ మనిషి ఒకడు తల బయటికి పెట్టి ఎడమకి చూశాడు, కుడికి చూశాడు.

"ఏంటమ్మా? ఏం వస్తోంది?" అని అడిగాడు.

ఈ ఊరి కట్టుబాటు తెలియని మనిషి! ఈ వీధిలో పసిపిల్లలక్కూడా తెలిసిన కేక తెలియని మనిషి! అంటే పొరుగూరి మనిషి. కొండ అవతలి మనిషి.

"ఆయన లోపలే ఉన్నారా అన్నయ్యా?"

"ష్! మెల్లగా! ఆయన ఇక్కడున్నట్టు ఎవరికీ తెలియకూడదు," అన్నాడు ఆ పెద్దమనిషి. అన్న తర్వాత నాలిక్కరుచుకున్నాడు. రహస్యం దాచడంలో ఇంతటి ఘనుణ్ణి కాపలా పెట్టారు మరి.

ఇంకేం కావాలి? కోడలు గొంతెత్తింది. కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు లేవు.

"అయ్యా! దయ చూపించండయ్యా! నా బిడ్డ నాకు కాకుండా పోతోందయ్యా! దాని లోపల ఏదో దూరింది, దాన్ని చంపేస్తోంది! బాబూ, మీరు తప్ప నాకు దిక్కు లేదు!"

గడ్డంవాడు చేతులు అడ్డం పెట్టాడు. అతని చేతులకి వలతాళ్ళ గాట్లున్నాయి, ఒంటినిండా చేపల వాసన. అతను మాత్రం ఆమె చేతులు చూసి, ముక్కు ముడిచి వెనక్కి జరిగాడు. వేరే రోజైతే కోడలికి నవ్వొచ్చేది.

అతను జరిగిన సందులోంచి గది కనబడింది. తక్కువ ఎత్తు బల్ల, దాని చుట్టూ ఇంటివాళ్ళ పిల్లలు, మధ్యలో విరిచిన రొట్టెలు. గోడకి చేరగిలబడి ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పాదాలకి దుమ్ము ఇంకా పోలేదు. కళ్ళ కింద అలసట. ఎక్కడెక్కడి రోగులూ వెంటబడితే, ఒక్క పూట ఒంటరిగా ఉందామని కొండ దాటి వచ్చిన మనిషి.

ఆయన ఆమెని చూశాడు. ఏమీ అనలేదు.

కోడలు ఆగింది. కాదు అనలేదు కదా అనుకుంది. ఆ చూపునే పట్టుకుని నిలబడింది. పై వీధిలో ఆమె మొహం వంక నేరుగా చూసిన మొదటి మనిషి ఆయనే. పిల్లలు నమలడం ఆపి చూస్తున్నారు.

"పంపించెయ్యండి," అన్నాడు గడ్డంవాడు లోపలికి తిరిగి. "ఇట్లా అరిస్తే ఊరంతా ఇక్కడే పోగవుతుంది."

"అవును, ఏదో ఒకటి చెప్పి పంపెయ్యండి," అన్నాడు వెనక ఇంకొకడు.

అప్పుడు ఆయన మాట్లాడాడు. కోపంగా కాదు, తన మనసులోని మాట తనకే చెప్పుకుంటున్నట్టు.

"నన్ను పంపించింది మా ఇంటి మంద కోసం. అందులో దారి తప్పిపోయిన గొర్రెల కోసం."

అంటే కాదనే. అత్తగారు చెప్పిందే నిజమైంది. మీరు కాదు, మావాళ్ళు.

కోడలు గుమ్మం దాటింది.

ఎట్లా దాటిందో ఆమెకే తెలియదు. అత్తగారు దాటని గుమ్మం, అత్తగారి అత్తగారు దాటని గుమ్మం. గడ్డంవాడు "అమ్మా, అమ్మా!" అంటూనే ఉన్నాడు. ఆమె తిన్నగా పోయి ఆ దుమ్ము పాదాల ముందు రాతినేల మీద మోకాళ్ళ మీద పడింది. పడ్డ పాటుకి చర్మం లేచిపోయింది.

"అయ్యా, సాయం చెయ్యండి."



ఆయన బల్ల వైపు చూశాడు. రొట్టె పట్టుకున్న పిల్లల్ని చూశాడు.

"ముందు పిల్లల కడుపు నిండాలి కదమ్మా. వాళ్ళ చేతిలో రొట్టె లాక్కుని కుక్కపిల్లలకి వెయ్యడం బాగుంటుందా?"

గడ్డంవాడే చూపు తిప్పేసుకున్నాడు.

ఇక్కడ ఎవరైనా లేచి వచ్చేస్తారు. నేనైనా వచ్చేస్తాను, మీరైనా వచ్చేస్తారు. కానీ ఆమె నీలిమందు పని చేసే ఇంటి కోడలు. ఆ పనిలో ఒక సంగతి ఉంది. తొట్టిలోంచి తీసిన బట్ట నీలంగా ఉండదు. పసరు రంగులో, చూడగానే పాడైందనిపించేట్టు ఉంటుంది. కొత్తవాళ్ళు అయ్యో అని విసిరి కొడతారు. తెలిసినవాళ్ళు మాత్రం దాన్ని గాలికి పట్టుకుని, చేతులు లాగుతున్నా సరే, కదలకుండా నిలబడతారు. చూస్తుండగానే ఆ పసరు లోపలి నుంచి నీలం పైకి తేలి వస్తుంది. ఆమె చిన్నప్పటి నుంచీ అట్లా నిలబడ్డ మనిషి. ఆ మాటని కూడా అట్లాగే పట్టుకుని నిలబడింది. ఆయన కళ్ళలోకి చూసింది. మాట పసరుగా ఉంది గానీ ఆ కళ్ళు పొమ్మనడం లేదు.

అప్పుడే బల్ల కింద ఏదో కదిలింది. బొచ్చు కుక్కపిల్ల ఒకటి, చిన్నవాడి కాళ్ళ మధ్య నుంచి మూతి పెట్టి, కింద పడ్డ రొట్టె ముక్క నాక్కుంటోంది. ఎవరూ దాన్ని అదిలించలేదు. అది ఆ ఇంటిదే మరి.

"అవునయ్యా," అంది కోడలు. "మీరన్నది నిజమే. పిల్లల రొట్టె నాకొద్దు. వాళ్ళనే తిననివ్వండి, కడుపునిండా తిననివ్వండి. కానీ పిల్లలు తింటే ముక్కలు కింద పడకుండా ఉంటాయా? అదుగో, ఆ బల్ల కింద దాన్ని చూడండి. దాన్నెవరూ పొమ్మనడం లేదు. ఈ వీధిలో మాకు గుమ్మం బయటే చోటు. మీ మాటలో నాకు బల్ల కింద చోటు దొరికింది. నాకది చాలు. మీ దగ్గర రాలిన ముక్క చాలయ్యా నా బిడ్డకి. ముక్కయినా మీ చేతి రొట్టే కదా!"

ఆయన ముందుకి వంగాడు.

ఆ ముఖంలో అలసట ఏమైందో ఏమో! పొద్దుట్నుంచీ మబ్బు పట్టిన పెరట్లోకి ఉన్నట్టుండి ఎండ వచ్చినట్టయింది. ఆయన సంతోషించాడు. అవును, సంతోషమే అది. చాలా దూరం వెతికిన వస్తువు, వెతకని చోట దొరికిన మనిషి ముఖం అట్లా ఉంటుంది. గడ్డంవాడు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. తమ గురువు ఒక మాటకి ఇట్లా లొంగిపోవడం అతను ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా!" అన్నాడాయన. "ఎంత నమ్మకమమ్మా నీది! నువ్వు అడిగింది అయింది. ఇంటికి వెళ్ళు. నీ కూతుర్ని పట్టుకున్నది వదిలి వెళ్ళిపోయింది."

మీరు వచ్చి చూడరా అని ఆమె అడగలేదు. ఏదైనా గుర్తు ఇవ్వమనలేదు. నేలకి తల ఆనించి, లేచి, వెనక్కి తిరిగింది. గడ్డంవాడు గోడకి అతుక్కుపోయి దారి ఇచ్చాడు. ఈసారి ముక్కు ముడవలేదు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి.

వచ్చేటప్పుడు పరుగెత్తిన మనిషి పోయేటప్పుడు నడిచింది. నాకైతే ఆ నడకే పెద్ద అద్భుతం అనిపిస్తుంది. ఆయన ఇంటికి రాలేదు. పిల్లని ముట్టుకోలేదు. మందూ మాకూ ఇవ్వలేదు. గాలిలో ఒక మాట అన్నాడు. ఆ మాట మీద బరువంతా వేసి ఆమె రాతి మెట్లు దిగి, ఇత్తడి వీధి దాటి, కుండల సందులోంచి ఇంటికి నడిచింది.

ఇంటి ముందు మొగుడు చతికిలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. ఆమెని చూసి లేవబోయాడు. ఊరికే లోపలికి చెయ్యి చూపించాడు.

గదిలో తాడు నేల మీద పడి ఉంది. మంచం మీద పిచ్చుక పక్కకి ఒత్తిగిలి నిద్రపోతోంది. పిడికిళ్ళు విచ్చుకున్నాయి. ఊపిరి మెత్తగా ఆడుతోంది. పాదాల దగ్గర అత్తగారు కూర్చుని, పిల్ల పాదం ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని ఉంది.

కోడలు మంచం దాకా వెళ్ళి ఆగిపోయింది. ముట్టుకుంటే ఈ కల చెదిరిపోతుందేమో!

"ముట్టుకో," అంది అత్తగారు. "నేను ముట్టుకున్నాను. అదే. మన పిల్లే."

"ఎట్లా జరిగింది అత్తయ్యా?"

"ఏమో! ఇద్దరం కలిసి అదిమి పట్టుకున్నా ఆగలేదు. ఒక్క అరుపు అరిచింది. ఇల్లు అదిరిపోయింది. ఇంక పోయిందే అనుకున్నాను. తీరా చూస్తే కళ్ళు తెరిచి, 'నానమ్మా, చెయ్యి నొప్పెడుతోంది' అంది. తాడు నేనే విప్పాను." ఆవిడ ముక్కు చీదుకుంది. "ఆయన రాలేదుగా? గాలిలా ఏమైనా వచ్చాడా?"

"రాలేదు. అక్కడే కూర్చుని ఉన్నారు. వెళ్ళమన్నారు, అంతే."

"అక్కడ కూర్చుని, ఇక్కడిది..." అత్తగారు చీర చెంగు నెత్తి మీదకి లాక్కుంది. తలుపు దగ్గర కొడుకు అట్లాగే నిలబడిపోయాడు.

ఆ మాటలకి పిచ్చుక కళ్ళు తెరిచింది. తల్లిని చూసింది. ఇది చూడడమే.

"అమ్మా, నీ మోకాళ్ళకి రక్తం వస్తోందేంటి? పడ్డావా?"

కోడలు పిల్లని వాటేసుకుని బావురుమంది. మోకాళ్ళ వంక అత్తగారు కూడా చూసింది. ఆవిడ ముఖం ముడుచుకుంది.

"ఏం జరిగిందక్కడ? ఏమన్నారు నిన్ను? దాచకుండా చెప్పు."

కోడలు చెప్పింది. కేక సంగతి, తెరిచి ఉన్న తలుపు సంగతి, ఆయన మౌనం. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి ఆగింది. అత్తగారు కళ్ళు చిట్లించింది.

"ఆగావేం? ఆయనేమన్నాడు?"

"పిల్లల రొట్టె కుక్కపిల్లలకి వెయ్యడం బాగుంటుందా అన్నారు."

పిల్ల పాదం పట్టుకున్న అత్తగారి చేతులు బిగుసుకున్నాయి.

"దానికి నువ్వేమన్నావు?"

"అవునయ్యా అన్నాను. కింద రాలిన ముక్క చాలన్నాను."

పిచ్చుక నానమ్మ ఒళ్ళోకి కాళ్ళు ఇంకాస్త చాపి, తల్లి వేళ్ళతో ఆడుకుంటోంది. ఆవిడ ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది.

"నేనైతే ఆ మాటకి లేచి వచ్చేసేదాన్ని," అంది చివరికి, చాలా చిన్న గొంతుతో.

కోడలు పిల్ల మణికట్టు మీది తాడు ముద్ర నిమిరింది.

అత్తగారు పిల్ల పాదం మెల్లగా పక్క మీద పెట్టి, గోడ పట్టుకుని లేచింది. మూలనున్న చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటోంది.

"ఆయన ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడా?"